పెట్టెబండి మీద పడవ

రేగులగూడెం,
ఏప్రిల్ మొదటి వారం.

అక్కకు,

తమ్ముడు ప్రభు రాస్తున్నాడు. ఫోన్ చేయకుండా కాగితం పట్టుకున్నాడేమిటి అనుకుంటావు. ఫోన్‌లో నేను ఒక మాట అనేలోపు నువ్వు పది అంటావు. పైగా మా గూడెంలో సిగ్నల్ కావాలంటే స్కూలు డాబా ఎక్కాలి. డాబా ఎక్కి మరీ నీతో తిట్లు తినే వయసు కాదు నాది. కాగితం మీదైతే నా మాట చివరిదాకా చెప్పగలను.

పడవ అయిపోయింది. మిల్లులో ఫిట్టర్‌గా ఉన్నన్నాళ్లూ వాళ్ల పైపులు అతికాను, ఇప్పుడు సొంతానికి ఇనుప రేకులు అతికాను. నలుగురు మనుషులు, ఒక నవారు మంచం పడతాయి. పొలం బావి మీద పనిచేసిన పాత డీజిల్ ఇంజన్ ఒకటి దొరికితే వెనక బిగించాను. పక్కింటి బద్యా వచ్చి చుట్టూ తిరిగి చూసి "అన్నా, గిది పడవనా, గోలెమా?" అన్నాడు. అననీ.

ఎందుకు కట్టానో నీకు తెలియనిది కాదు. మా గూడేనికి ముందొక వాగు, వెనకొక వాగు. గోదారి పెరిగితే ఆ నీళ్లు రెండు వాగుల్లోకీ ఎగదన్నుతాయి. ముందు వాగు నిండితే భద్రాచలం దారి బందు. వెనక వాగు నిండితే తండాల దారి బందు. మా అమ్మాయి అక్సా ఉద్యోగం ఆ తండాల్లోనే. సబ్‌సెంటర్ నర్సు అంటే వాన పడిందని ఇంట్లో కూర్చునే పని కాదు. ఇప్పుడు తనే కడుపుతో ఉంది, వరదల నాటికి ఏడో నెల. దాన్ని ఆపడం నా వల్ల కాదు, అందుకని దాటడానికి గట్టిది ఒకటి చేతికివ్వాలి.

రెండు వస్తువులు తక్కువ. ఒకటి డీజిల్ ట్యాంకు. రెండోది పడవను లాక్కుపోయే ట్రైలర్. ఏ వాగు పొంగితే ఆ వాగుకు తీసుకుపోవాలి కదా. ఒడ్డున వదిలేస్తే గోదారి పట్టుకుపోతుంది, గోదారి వదిలేస్తే ఇంజన్ దొంగలు పట్టుకుపోతారు. బద్యా ట్రాక్టర్ ఇస్తానన్నాడు గానీ దాని ట్రక్కు ఛాతీ ఎత్తుంది. అంత ఎత్తు నుంచి పడవ దించాలంటే ఊరు ఊరంతా రావాలి.

డేవిడ్ బావ షెడ్డులో ఒక ట్యాంకు ఉండాలి. ఎవరో ట్రాక్టర్ కోసం చేయించుకుని తీసుకుపోనిది. అది ఇస్తావా? ఇంకొక మాట. మీ చర్చి వెనక షెడ్డులో ఒక బండి ఉంటుంది కదా, దాని పొడుగు వెడల్పు ఒకసారి కొలిచి రాయి. ఊరికే.

నీ తమ్ముడు,
ప్రభు


బోనకల్,
ఏప్రిల్, మట్టల ఆదివారం మరునాడు.

ఒరేయ్ ప్రభూ,

కాగితం మీద నేను అరవలేననుకున్నావా? చదువుతూ ఉండు.

మీ బావ పోయి నాలుగేళ్లు. షెడ్డులో ఒక్క పానా కూడా కదిలించలేదు నేను. చుట్టుపక్కల మెకానిక్కులంతా వచ్చి "అక్కా, ఊకె తుప్పు పడుతయి గదా, ఇయ్యరాదు" అని అడిగి అడిగి విసిగిపోయారు. ఇప్పుడు ఇంట్లోవాడే మొదలుపెట్టాడు. ఆ ట్యాంకు ఆయన చేతులతో చేసింది. లోపల అడ్డ రేకులు పెట్టి, డీజిల్ ఊగకుండా చేశానని నన్ను పిలిచి మరీ చూపించాడు. ఇవ్వను. అడగకు.

అసలు పడవెందుకురా? అక్సాను నా దగ్గరికి పంపమని, కడుపుతో ఉందని తెలిసిన నాడే చెప్పాను. ఇక్కడ రైల్వే స్టేషన్ ఉంది, కూతవేటు దూరంలో దవాఖానా ఉంది, ఖమ్మంలో దాని మొగుడు ఉన్నాడు. వానాకాలం వచ్చేలోపు పిల్లను రైలెక్కిస్తే అయిపోయేదానికి, నువ్వు నెలల తరబడి రేకులు అతుకుతూ కూర్చున్నావు. నీకు ఈత సరిగ్గా రాదు. నువ్వేమో పడవ కడతావట!

లీవు దొరకదని అది అంటే నమ్ముతున్నావా? అడిగితే ఎవరైనా ఇస్తారు. అది అడగదు. నీ కూతురు కదా.

చర్చి షెడ్డులో ఉన్న బండి ఒకటే. నీకు దాని కొలతలతో పనేమిటి? నువ్వు చిన్నప్పటి నుంచీ "ఊరికే" అన్నావంటే ఏదో ఒకటి విరగ్గొట్టే వచ్చేవాడివి. సంగతేమిటో రాయి.

మరదలు మహిమను అడిగానని చెప్పు. దానికి మోకాళ్ల నొప్పి తగ్గిందా?

జోజమ్మ


రేగులగూడెం,
మే నెల.

అక్కా,

ట్యాంకు వద్దన్నావు, సరే. ప్లాస్టిక్ క్యాను ఒకటి తెచ్చాను, మిరపతోట మందులు కలిపేది. కడిగి, ఎండబెట్టి, పడవ మధ్యలో తాళ్లతో కట్టాను. వెనక ఇంజన్ పక్కన పెడితే వెనకభాగం కుంగుతోంది. ముందు పెడితే పైపు చాలదు. పైన పెడితే పడవ ఒరుగుతుంది. కింద పెడితే కాళ్లకు అడ్డం. చివరికి మధ్య బల్ల కిందే ఖాయం చేశాను. వాన నీళ్లు దిగకుండా మూతను సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి లక్క కూడా పోశాను. చుక్క నీరు పోదు.

ట్రైలర్ సంగతి మాత్రం తేలలేదు. ఎడ్లబండి ఇరుసుతో ఒకటి చేద్దామంటే చక్రాలు పెద్దవి. ఆటో చక్రాలతో చేద్దామంటే బురదలో దిగబడతాయి. నాకు కావలసింది మోకాలెత్తు బండి, జీపు చక్రాలు, కింద కమాన్లు, పైన బరువు దానంతటదే జారడానికి రోలర్లు. అట్లాంటిది ఎక్కడా అమ్మరు. నేను చూసింది ఒక్కటే, మీ షెడ్డులో ఉంది. పెట్టె ఎట్లా జారుతుందో పడవా అట్లాగే జారుతుంది. మీకిప్పుడు ఫ్రీజర్ వ్యాన్ వచ్చింది కదా, దాన్ని వాడటం లేదని విన్నాను.

కోపం తెచ్చుకోకుండా ఆలోచించు.

ప్రభు


బోనకల్,
మే నెల. ఎండ కంటే నేనే ఎక్కువ మండుతున్నాను.

ప్రభూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కళ్లద్దాలు లేక తప్పు చదివాననుకున్నాను.

శవపేటిక మోసే బండి మీద పడవ పెడతావా? కడుపుతో ఉన్న పిల్లను ఆ పడవలో కూర్చోబెట్టి, ఆ బండి మీద ఊరంతా లాగిస్తావా? మనం ముహూర్తాలు, శకునాలు నమ్మేవాళ్లం కాదు, తెలుసు. నాకు నువ్వు ప్రసంగం చేయనక్కరలేదు. నమ్మకపోవడం వేరు, చూసి చూసి పిల్లను పెట్టెబండి ఎక్కించడం వేరు.

దానికి రోలర్లు ఉన్నాయని, కింద కమాన్లు ఉన్నాయని నీకెట్లా తెలుసు? బావను సమాధి చేసిన రోజు నువ్వు బండి పక్కన వంగి వంగి చూస్తూ ఉంటే, పాపం, ఏడుపు కనబడకుండా తల దించుకున్నాడు నా తమ్ముడు అనుకున్నాను. ఆ మాట ఎంతమందితో చెప్పుకున్నానో! వంగి చూసింది చక్రాలనా? నిజం చెప్పు.

ఇంకో సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. మా చర్చిలో ఒక అలవాటు ఉంది. ఆ బండి ఎవరి మనిషిని మోస్తే ఆ ఇంటివాళ్లే దాన్ని కడిగి షెడ్డులో పెట్టాలి. డబ్బులిచ్చి వేరేవాళ్లతో కడిగించకూడదు. సమాధుల తోట నుంచి వచ్చాక అందరూ టీ తాగుతుంటే నేను బక్కెట్టు పట్టుకుని వెళ్లాను. చక్రాల మట్టి గోళ్లతో గీకాను. ఆ మట్టి ఆయన మీద వేసిన మట్టే. రోలర్లు ఒక్కొక్కటి తుడిచాను. ఆ తర్వాత నెలకే వ్యాన్ వచ్చింది. ఆ బండి చివరిసారి మోసింది మీ బావను, చివరిసారి కడిగింది నేను. తాళం చెవి స్త్రీల సంఘం తరఫున నా దగ్గరే ఉంది. అది అక్కడే ఉంటుంది.

ఇవ్వను. ఈ మాట ఇంకోసారి ఎత్తకు.

జోజమ్మ


రేగులగూడెం,
జూన్ రెండో వారం.

అక్కా,

చక్రాలూ చూశాను, ఏడ్చాను కూడా. రెండూ నిజమే. ఇక ఆ మాట ఎత్తను.

మొన్న పడవను నీళ్లలో దింపాం. ఆ కథ చెబితే నవ్వుతావని రాస్తున్నాను, నీ కోపం కాస్తయినా తగ్గుతుంది.

బద్యా ట్రక్కు మీద పడవ ఎక్కించడానికే పొద్దున్నంతా పట్టింది. వాగు దగ్గర దించబోతే తాడు తెగి ముక్కు నేలను గుద్దుకుంది, రేకు సొట్టపోయింది, బద్యా కాలి బొటనవేలు నలిగింది. అతను వాళ్ల భాషలో ఏదేదో అన్నాడు. అర్థం అడగలేదు. ఎట్లాగో నీళ్లలోకి తోశాం. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. బద్యా ముందు, నేను వెనక. వాగు మధ్యదాకా రాజాలాగా పోయాం. ఒడ్డున జనం కేకలు. అక్సా సబ్‌సెంటర్ మెట్ల మీద నిలబడి చెయ్యి ఊపింది.

సరిగ్గా మధ్యలో ఇంజన్ దగ్గింది, ఆగింది. మళ్లీ తిప్పాను. అందుకుంది, కాసేపటికి మళ్లీ ఆగింది. క్యాను నిండా డీజిల్ ఉంది. పైపు విప్పితే చుక్క రావడం లేదు. నోటితో పీల్చాను, నోటినిండా డీజిల్. ఫిల్టర్ కడిగాను. ఈలోపు పడవ కిందికి కొట్టుకుపోతోంది. తెడ్డు పెట్టుకోవడం మరిచాం. చివరికి బద్యా బల్ల చెక్క ఊడబీకి దాంతోనే నీళ్లు తోసుకుంటూ రెల్లుగడ్డిలోకి చేర్చాడు. అక్కడి నుంచి మోకాళ్ల బురదలో నడిచి వచ్చాం.

ఇంటికొచ్చి చూస్తే క్యాను లోపలికి కుంచించుకుపోయి ఉంది, గోళ్లతో నొక్కినట్టు. ఎండకో మరి దేనికో. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. వానలు దగ్గరికొచ్చాయి.

ప్రభు


బోనకల్,
జూన్.

ఒరేయ్ తెలివిమంతుడా,

పదిహేను కిలోల నూనె డబ్బా ఎప్పుడైనా తెరిచావా నువ్వు? ఒక్క చిల్లు పెట్టి వంచితే నూనె వస్తుందా? గుడగుడమని ఆగిపోతుంది. ఎదురు మూలలో ఇంకో చిల్లు పెడితేనే ధార కడుతుంది. లోపలికి గాలి పోకపోతే బయటికి నూనె ఎట్లా వస్తుందిరా? వంటింట్లోకి వచ్చిన ప్రతి కొత్త కోడలికీ మొదటి వారంలో తెలిసే సంగతి ఇది. నువ్వేమో మూతకు లక్క పోసి, ట్యూబు చుట్టి, గాలి కూడా దూరకుండా చేసి, వాగు మధ్యలో కూర్చుని నోటితో పీల్చావు. మీ మిల్లు ఇన్నాళ్లు ఎట్లా నడిచిందో!

చదువుతూ నవ్వాను. అబద్ధం ఎందుకు, చాలాసేపు నవ్వాను. బావ ఉంటే నేల మీద పడి దొర్లేవాడు.

ఆ నవ్వు సాయంత్రందాకా కూడా నిలవలేదు. మహిమ ఫోన్ చేసింది. నీ పడవ గురించి నేనేదో ఎగతాళి చేస్తుంటే దాని నోరు జారింది: "నవ్వకు వదినా. పోయినేడు లెక్క ట్యూబు మీద పోకుంటె సాలు."

ఏ ట్యూబు అన్నాను. అది వెంటనే సిగ్నల్ పోతోందంది.

పోయినేడు వరదలో అక్సా ట్రాక్టర్ ట్యూబు మీద కూర్చుని వాగు దాటిందా? దానికి ఈత వచ్చా? నాకు ఎందుకు చెప్పలేదు? క్రిస్మస్‌కు వచ్చి నా ఇంట్లో కూర్చుని బిర్యానీ తిన్నారు మీరు ముగ్గురూ. ఒక్కరైనా ఆ మాట ఎత్తారా? ఈ ఏడు అదే ట్యూబు ఎక్కుతుందా, ఏడో నెల కడుపుతో?

దీనికి జవాబు జల్దీ రాయి. వంకర మాటలు వద్దు.

జోజమ్మ


రేగులగూడెం,
జూన్ చివర.

అక్కా,

అవ్, నిజమే. అది దాటి వచ్చాకే నాకు తెలిసింది. నేను ఆ రోజు భద్రాచలంలో ఉన్నాను, ముందు వాగు పొంగి రాలేకపోయాను. వెనక వాగు అవతల ఒక ముసలాయనకు పాము కరిచింది. మందు పెట్టె నెత్తిన కట్టుకుని ట్యూబు మీద కూర్చుంది, ఇద్దరు మనుషులు చెరొక పక్క ఈదుకుంటూ తోసుకుపోయారు. ముసలాయన బతికాడు. నేను వచ్చేసరికి ఇది ఇంట్లో తడిబట్టలు ఆరేస్తోంది, బట్టలుతికి వచ్చినట్టే.

నేను కోప్పడ్డాను. నువ్వు కోప్పడేటంత కాదు గానీ నాకు చేతనైనంత. ఇంకోసారి పోనివ్వనన్నాను. అప్పుడది చెప్పిన మాట నీకు రాస్తున్నాను. "నాన్నా, నువ్వు వద్దంటె నేను ఆగుత. అవతల నొప్పులు ఆగుతయా?"

మర్నాడే రేకులు కొనడానికి పోయాను.

నీకు చెప్పకపోవడం నా తప్పా అంటే, చెబితే నువ్వు వచ్చి దాన్ని జుట్టు పట్టుకుని తీసుకుపోతావు. అది నీ వెంట వచ్చేది కూడా. నీ మాటంటే దానికి అంత భయం. ఆ తర్వాత ఇక్కడ ఎవరు పోతారు?

పైనుంచి ఆగస్టు చివరి నుంచి లీవు రాసిచ్చారు. అంతవరకూ అది ఇక్కడే. ట్యూబు పంచరు చేసి దాచాను. పడవ మాత్రం ట్రక్కు మీద నుంచి దించేసరికి సగం రోజు పోతోంది. అవతల ఎవరైనా పిలిస్తే అది సగం రోజు ఆగదు. ట్యూబుకు ప్యాచీ వేసుకుని పోతుంది.

మూతకు చిల్లు పెట్టాను. నువ్వు చెప్పినట్టే ధార కట్టింది. బద్యా వారం నుంచి నవ్వుతున్నాడు.

ప్రభు


బోనకల్,
జులై.

ప్రభూ,

ఈ ఉత్తరంతో పాటు మినీ లారీలో రెండు వస్తువులు వస్తున్నాయి. దించుకునేటప్పుడు జాగ్రత్త. మళ్లీ ఎవరి బొటనవేలూ నలగ్గొట్టకు.

ఫాదర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన చిన్నవాడు, కొత్తగా వచ్చాడు. విని, పరవాలేదమ్మా తీసుకుపోండి అన్నాడు. అక్కడితో అయిపోయేది. కానీ మన చర్చి కావలి ఆరోగ్యం తాత పక్కనే ఉన్నాడు కదా. "సచ్చినోళ్ల బండి మీద బతికున్న పిల్లను ఎక్కిస్తరా? గిదేం పద్ధతి?" అని లేచాడు. నేను నీకు రాసిన మాటే అది, ఇంచుమించు అక్షరం పొల్లు పోకుండా. ఆయన నోట వినేసరికి నాకు ఎక్కడలేని మంట పుట్టింది. తాతా, ఆ బండి మీద మా ఇంట్లో ఒక మనిషిని తీసుకుపోయారు, ఇంకో మనిషిని తీసుకుపోకుండా ఉండాలనే అడుగుతున్నాను అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. ఫాదర్ లేచి నీళ్లిచ్చాడు.

తాళం తీస్తే షెడ్డు నిండా గబ్బిలాలు. బండి మాత్రం అట్లాగే ఉంది. మళ్లీ కడిగాను. రోలర్లకు గ్రీజు పెట్టించాను, రెండు టైర్లు మార్పించాను. ముందున్న సిలువను పీకేయకు. రంగు వేస్తే నల్లరంగు మీద ఏదైనా వేయి గానీ సిలువ మీద వేయకు.

ట్యాంకు కూడా పంపుతున్నాను. ఆ మిరపమందు క్యాను అవతల పారెయ్యి. ఎండకు పగిలి డీజిలంతా పిల్ల కాళ్ల మీద పోతుంది. బావ ట్యాంకు మూతకు గాలి గొట్టం ముందే ఉంది, చూసుకో. గొడుగు పిడిలాగా వంచి ఉంటుంది, గాలి పోతుంది, వాన నీళ్లు పోవు. దాన్ని కూడా లక్కతో మూసేశావంటే నేనే వచ్చి నీ నోరు లక్కతో మూస్తాను. ఇనప పట్టీలతో అడుగున బిగించు, తాళ్లు వద్దు.

ఒక్క షరతు. పడవ బండి మీద ఉన్నప్పుడు అక్సా అందులో ఎక్కకూడదు. నీళ్ల దగ్గరికి నడిచి వెళ్లి, పడవ నీళ్లలోకి దిగాకే ఎక్కాలి. ఎందుకని అడగకు. నాకే తెలియదు. మాట ఇవ్వు.

జోజమ్మ


రేగులగూడెం,
జులై.

అక్కా,

రెండూ చేరాయి. మాట ఇస్తున్నాను.

బండి చూసి బద్యా టోపీ తీశాడు. సిలువ మీద రంగు పడలేదు.

ప్రభు


రేగులగూడెం,
ఆగస్టు.

అక్కా,

ఈపాటికి మహిమ సగం చెప్పేసి ఉంటుంది. అయినా నేనే మొత్తం రాయాలి. నీకిచ్చిన మాట తప్పింది కాబట్టి.

భద్రాచలం దగ్గర గోదారికి రెండో వరద హెచ్చరిక ఇచ్చారని ముందు రోజే విన్నాం. తెల్లవారేసరికి రెండు వాగులూ నిండాయి. పొద్దెక్కాక అవతలి ఒడ్డున ఎవరో ఎర్ర కండువా ఊపుతూ కనిపించారు. బద్యా కూతురు సంగీతను ఆ తండాలోనే ఇచ్చారు, నీకు గుర్తుందా, పెళ్లికి వచ్చి జిలేబీ బాగుందన్నావు. ఆ పిల్లకు నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగి ఉండొచ్చని అక్సాకు ముందు నుంచీ అనుమానం. దవాఖానాకు చేర్చాల్సిందే అంది.

బద్యా ట్రాక్టర్ తగిలించాడు. బండిని వెనక్కి నీళ్లలోకి తోశాం, ఇద్దరం ఒక్క నూకు నూకాం, పడవ రోలర్ల మీద గడగడమని జారి తేలింది. బొటనవేళ్లన్నీ క్షేమం. అక్సా ఒడ్డున నిలబడి, నీ షరతు ప్రకారం, తేలాకే ఎక్కింది. ఇంజన్ ఒక్కసారి కూడా దగ్గలేదు. సంగీతను ఎక్కించుకుని అవతల నుంచి వచ్చేటప్పుడు అల నెట్టింది, పడవ ఊగింది, బావ ట్యాంకులో డీజిల్ మాత్రం ఊగలేదు. ఆ అడ్డ రేకుల సంగతి అప్పుడు అర్థమైంది నాకు.

ఇవతల ఒడ్డుకు వచ్చాక సంగీతను దించి నడిపించే పరిస్థితి లేదు. గూడెం దాటి ముందు వాగుదాకా పోవాలి, అక్కడ మళ్లీ పడవ వేయాలి, అంబులెన్సు అవతల ఉంది. పడవను అట్లాగే బండి మీదికి ఎక్కించాం, పిల్ల అందులోనే పడుకుని ఉంది. అక్సాను దిగమన్నాను. అత్తకు మాట ఇచ్చానన్నాను. అది నా వైపు చూడను కూడా చూడలేదు. చేతులు ఖాళీగా లేవు దానికి.

బద్యా ట్రాక్టర్ మీద ముందుకే చూస్తూ నడుపుతున్నాడు. మేమంతా వెనక నడుస్తున్నాం, వానలో, మహిమ, నేను, గూడెం జనం. ఆ బండి వెనక నడవడం నాకు కొత్త కాదు. తల దించుకునే నడిచాను, అలవాటు కొద్దీ. స్కూలు మలుపు దగ్గర ఏడుపు వినిపించింది. ఆ బండి వెనక నడిచేవాళ్లు ఏడవడం విన్నాను గానీ, బండి మీద నుంచి ఏడుపు రావడం అదే మొదటిసారి. తల ఎత్తి చూస్తే అక్సా చేతుల్లో ఎర్రగా ఇంత ముద్ద. అడ్డం తిరిగిన బిడ్డ తనంతట తనే సర్దుకుందట. వెనక నడిచేవాళ్లమంతా నవ్వాం అక్కా. వానలో నిలబడి పిచ్చివాళ్లలాగా నవ్వాం. బద్యా ట్రాక్టర్ ఆపి దిగి వచ్చి చక్రం పట్టుకుని కూర్చుండిపోయాడు.

ముందు వాగు దాటించి అంబులెన్సు ఎక్కించాం. తల్లీ బిడ్డా క్షేమం. ఆడపిల్ల.

తిరిగొచ్చాక చూస్తే బద్యా బక్కెట్టు పట్టుకుని బండి కడుగుతున్నాడు. వద్దు, అలసిపోయావు, నేను చూసుకుంటానంటే వినలేదు. మీ చర్చి అలవాటు అతనికి అక్సా ఎప్పుడో చెప్పిందట. "నా బిడ్డను మోసింది గద అన్నా. నేనే కడగాలె." రోలర్లు ఒక్కొక్కటీ తుడిచాడు.

మాట తప్పినందుకు ఏమంటావో అను.

ప్రభు


బోనకల్,
ఆగస్టు.

ప్రభూ,

ఏమంటాను. నీ మాట మీద నాకు ఎప్పుడు నమ్మకం ఉంది గనక.

ఉత్తరం తీసుకుని షెడ్డులోకి వెళ్లి, మీ బావ స్టూలు మీద కూర్చుని గట్టిగా చదివాను. ఎవరైనా చూస్తే పిచ్చిదనుకునేవాళ్లు. అడ్డ రేకుల మాట దగ్గర ఆగిపోయాను. తర్వాత ఏడ్చాను, చాలాసేపు. ఆరోగ్యం తాతకు కూడా చదివి వినిపించాను. ఆయన ఆ పాపకు పేరు పెట్టారా అని అడిగాడు. కనుక్కుని రాయి.

ఇంకా నీ మీద కోపం తగ్గలేదు. ట్యాంకు బిగించిన పట్టీలకు రబ్బరు వేశావా లేదా రాయలేదు. ఇనుము ఇనుము రాసుకుంటే చిల్లు పడుతుంది. తెడ్డు ఈసారైనా పెట్టుకున్నావా? అదీ రాయలేదు. బద్యా బొటనవేలికి మందేమైనా వేశావా, నవ్వుకుని వదిలేశావా?

అక్సా లీవు మొదలైతే బోనకల్ పంపమని ఇక అడగను. అది రాదు. వచ్చినా ఇక్కడ కూర్చుని ఆ వాగు వైపే చూస్తుంది, నా ప్రాణం తీస్తుంది. నేనే వస్తున్నాను. చర్చి షెడ్డు తాళం ఆరోగ్యం తాతకు ఇచ్చాను. దసరా దాకా మీ ఇంట్లోనే ఉంటాను, మహిమ మోకాళ్లకు కూడా విశ్రాంతి దొరుకుతుంది. నువ్వు స్కూలు డాబా ఎక్కాల్సిన పని లేదు, ఎదురుగానే ఉండి తిడతాను.

నొప్పులు వచ్చిన రోజు వాగు నిండి ఉంటే, పిల్లను ఆ బండి మీదే తీసుకుపోదాం. కూర్చోనీ. నేను వెనక నడుస్తాను. కానీ ఒకటి ఇప్పుడే చెబుతున్నాను, ఇల్లు చేరాక బక్కెట్టు పట్టుకుని నువ్వు ముందు బయల్దేరకు. బద్యాకూ చెప్పు. ఆయన్ను మోసినప్పుడు ఆ బండిని నేనే కడిగాను. ఆయన మేనకోడలిని మోసినప్పుడూ నేనే కడుగుతాను. ఎవరైనా చెయ్యి వేశారంటే ఊరుకోను.

అక్క,
జోజమ్మ